వైస్ ఛాన్సలర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి నమస్కారాలు.

నా సర్టిఫికెట్ల కోసం మూడుసార్లు అర్జీ పెట్టినా జవాబు రాలేదు కనుక అందరి ముందూ రాస్తున్నాను. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ట్యూషన్ ఫీజు నిజంగానే తక్కువ. భారమంతా మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, రికార్డులు, బస్సు ఛార్జీల దగ్గరే. మా అమ్మ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీస్తుంది. రాత్రి చేతుల మంటకు కొబ్బరినూనె రాసుకుని, ఆ కూలి డబ్బులే నా మెస్ బిల్లుకు లెక్కపెట్టేది.

ఇప్పుడు ప్రభుత్వం నా తరఫున కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపారు. చేతికొచ్చిన ఉద్యోగం వాటి కోసమే ఆగింది. సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే చెప్పింది. ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బుకు విద్యార్థి ఎందుకు పూచీ పడాలి?

బకాయితో ముడిపెట్టకుండా సర్టిఫికెట్లు వెంటనే ఇప్పించండి. మెస్‌తో సహా ఏడాది మొత్తం ఖర్చును అడ్మిషన్ నోటిఫికేషన్‌లోనే ముద్రించండి.

భవదీయురాలు,
ఒక పీజీ విద్యార్థిని, గుంటూరు