అండం నెలనెలా పుట్టదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో సంతాన సాఫల్యం గురించి వచ్చిన వ్యాసం చాలామందికి ఉపయోగపడేదే. అయితే అందులో ‘స్త్రీ శరీరంలో ప్రతి నెలా ఒక కొత్త అండం తయారవుతుంది’ అన్న వాక్యం సరికాదు. చాలాకాలం జంతుశాస్త్రం బోధించినవాడిని కనుక ఊరుకోలేక రాస్తున్నాను.

ఆడశిశువు తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలు క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే క్షయకరణ విభజన మొదలుపెట్టి, దాని ప్రథమదశలోనే ఆగిపోతాయి. నలభయ్యో ఏట విడుదలయ్యే అండం అన్నేళ్లుగా అలా ఆగి ఉన్నదే. దాన్ని ఆపి ఉంచేవి ఎంజైములు. అండంలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు ఎక్కువగా ఉన్నంతకాలం ప్రొటీన్ కైనేజ్-ఏ (కైనేజ్ అంటే ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్‌ను తగిలించే ఎంజైము) చురుకుగా ఉండి, విభజనను నడిపించే సీడీకే1 అనే మరో కైనేజ్‌ను పనిచేయనివ్వదు. సైక్లిక్ ఏఎంపీని విచ్ఛిన్నం చేసే ఎంజైము అండంలోనే ఉన్నా, చుట్టూ ఉన్న కణాల నుంచి సన్నని దారుల గుండా వచ్చి చేరే సైక్లిక్ జీఎంపీ అనే మరో చిన్న అణువు దాన్ని అణచి ఉంచుతుంది. రుతుచక్రం మధ్యలో ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ సరఫరా పడిపోయి, కట్లన్నీ వరుసగా వీడి, సీడీకే1 మేల్కొంటుంది. కుందేలు అండాన్ని దాని చుట్టూ ఉండే పుటిక (అండాశయంలోని చిన్న సంచి) నుంచి బయటికి తీస్తే హార్మోన్ అవసరం లేకుండానే విభజన తిరిగి మొదలవుతుందని పింకస్, ఎంజ్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1935లోనే గమనించారు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే ప్రయోగం అది.

ఎలుకలోనైనా మనిషిలోనైనా అండం రెండో విభజన మధ్యదశలో మరోసారి ఆగుతుంది. ఈసారి కాపలా మాస్ అనే కైనేజ్‌ది. 1994లో ఆ జన్యువు తొలగించిన ఎలుకల అండాలు శుక్రకణం రాకుండానే విభజనకు దిగాయి. మామూలుగా శుక్రకణం మోసుకొచ్చే ఫాస్ఫోలైపేజ్ సి-జీటా అనే ఎంజైము అండంలో కాల్షియం అలలు రేపితేనే ఆ నిలుపుదల తొలగుతుంది.

ఇదంతా పాఠ్యపుస్తకాల చాదస్తమని అనుకోకండి. నెలనెలా కొత్త అండం పుడుతుందని నమ్మినవారికి, వయసు పెరిగేకొద్దీ క్రోమోజోముల లెక్క తప్పే ప్రమాదం ఎందుకు పెరుగుతుందో అర్థం కాదు. క్రోమోజోములను కలిపి కట్టి ఉంచే ప్రొటీన్లు ఆ నిరీక్షణలోనే సడలిపోతాయి. ఐవీఎఫ్‌లో ఎల్‌హెచ్ పెరుగుదలకు బదులుగా చివరి ఇంజెక్షన్ ఇచ్చిన సుమారు 36 గంటలకే అండాలను సేకరించడం కూడా ఈ ఎంజైముల గడియారాన్ని బట్టే.

‘ప్రతి నెలా సాధారణంగా ఒక అండం పక్వమై విడుదలవుతుంది’ అని ఆ వాక్యాన్ని సవరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, తెనాలి