వెనకబడ్డ బడి అన్నారు సరే, అందులో ఎవరు చదువుతున్నారో కూడా రాయండి

అయ్యా,

మొన్న మీ జిల్లా పేజీలో మా మండలంలో చదువులో వెనకబడ్డ ప్రాథమిక బడులంటూ ఒక వార్త వేశారు. అందులో మా ఊరి బడి కూడా ఉంది. మా అమ్మాయి అక్కడే నాలుగో తరగతి. నేను ఆటో నడుపుతాను. పొద్దున్నే మా ఊరి పిల్లల్ని ఎక్కించుకెళ్లి రణస్థలంలో ప్రైవేటు స్కూళ్ల దగ్గర దింపడం నా మొదటి ట్రిప్పు. ఎవరి పిల్లలు ఏ బడికి వెళ్తున్నారో నాకు తెలిసినంతగా ఆఫీసుల్లో వాళ్లకి తెలియదు.

నా ఆటో ఎక్కేది పైడిభీమవరం కంపెనీల్లో పర్మినెంటు ఉద్యోగాలున్నవాళ్ల పిల్లలు, కిరాణా కొట్టు వాళ్ల పిల్లలు, కాస్త పల్లపు భూమి ఉన్న రైతుల మనవలు. గవర్నమెంటు టీచర్ల పిల్లలు కూడా ఉన్నారు, పేర్లు మాత్రం అడక్కండి. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదలకివ్వాలి కదా, అవి దొరికినవాళ్లూ నా ఆటోలోనే వస్తారు. ఆ సీటు కావాలంటే ఆధార్, ఆదాయ పత్రం పట్టుకుని ఊరి సచివాలయం చుట్టూ తిరగాలి. తిరగడానికి అమ్మో నాన్నో ఊళ్లో ఉండాలి.

అలా ఊళ్లో లేనివాళ్ల పిల్లలే ఎక్కువగా మా బడిలో మిగిలారు. ఆగస్టు వచ్చేసరికి జాలరి పేటలో మగవాళ్లు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద చేపల వేటకి వెళ్లిపోతారు, మళ్లీ వచ్చేది వేసవికే. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకెళ్లి 2020 జనవరి దాకా జైల్లో పెట్టిన మత్స్యకారులు ఇలా మన వైపు నుంచి వెళ్లినవాళ్లే. ఇక కూలీ కుటుంబాలైతే నూర్పులు ముగించి, సంక్రాంతి చేసుకుని, పిల్లలతో సహా హైదరాబాదుకో విజయవాడకో బిల్డింగు పనులకి రైలెక్కుతారు. తొలకరి పడితేగానీ రారు.

మా అమ్మాయి క్లాసు రిజిస్టర్లో 19 పేర్లున్నాయి. కనుమ వెళ్లిన వారానికి క్లాసులో కనబడింది 11 మంది. వెళ్లినవాళ్లకి ఏప్రిల్ దాకా చదువు లేదు. తిరిగొచ్చాక పై తరగతిలో కూర్చుంటారు. ఏడాదికి మూడు నెలల పైన పోతే, నాలుగో తరగతికి వచ్చేసరికి పూర్తిగా ఒక తరగతి చదువు పోయినట్టే.

వాళ్లలో ఒక కుర్రాడి సంగతి చెప్తాను. ఒక ఆదివారం వాళ్ల అమ్మమ్మతో నా ఆటో ఎక్కాడు. ఒకాయన 200 నోటు ఇచ్చి, ఏడుగురికీ తీసుకోమన్నాడు. మనిషికి 15. నేను చిల్లర తడుముకుంటుంటే వెనక నుంచి వీడు, "తొంభై అయిదు ఇయ్యాల మావా" అన్నాడు. తరవాత బడిలో పేరెంట్స్ మీటింగు అయినప్పుడు వాళ్ల అమ్మమ్మ వాడి లెక్కల పేపరు నా చేతికిచ్చి చూడమంది. కొట్లో సరుకులు కొంటే ఎంత మిగులుతుందనే లెక్క. అలాంటిదే, ఇంకా తేలిక. కానీ ఏమీ రాయలేదు. టీచరమ్మ ప్రశ్న పైకి చదివితే జవాబు టక్కున చెప్పాడట. గుణింతాలు వచ్చు, ఒత్తులొచ్చిన చోట ఆగిపోతాడు. క్లాసులో ఒత్తులు చెప్పిన రోజుల్లో వాడు హైదరాబాదులో సెంట్రింగు చెక్కల మధ్య ఉన్నాడు. మీ లెక్కలో వాడు గణితంలో వెనకబడ్డ పిల్లాడు. ఇంట్లో చూసే దిక్కేదంటే అమ్మమ్మ అంది, "గుంటడికి కూడెట్టగల్ను గానీ సదువు నానేటి సెప్పగల్ను బాబూ" అని.

టీచర్లని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వాళ్ల మీద నాకూ కోపాలున్నాయి. కానీ అయిదు తరగతులకి ఇద్దరే. 60 మంది పిల్లల దాకా ఇద్దరు చాలని చట్టమే చెప్తోంది, కాబట్టి కాగితం మీద తప్పేం లేదు. ఒకరు ట్రైనింగుకి వెళ్లిన రోజున రెండో ఆవిడ యాప్‌లో హాజరు ఎక్కించి, భోజనాల లెక్క ఎక్కించి, అప్పుడు పలక పట్టుకుంటుంది. జులైలో తిరిగొచ్చిన పిల్లలకి వెనకటి పాఠాలు ఎప్పుడు చెప్తుంది?

మీరు మళ్లీ అలాంటి వార్త వేస్తే, ఏడాది పొడుగునా బడికొచ్చిన పిల్లల మార్కులు ఒక వరసలో, మధ్యలో వెళ్లి వచ్చినవాళ్లవి ఇంకో వరసలో వేయండి. రోజూ హాజరు తీసుకుంటున్నారు కాబట్టి లెక్క అధికారుల దగ్గరే ఉంటుంది. అప్పుడు ఏ బడిలో పాఠం సరిగ్గా చెప్పడం లేదో, ఏ బడిలో పిల్లలే నిలవడం లేదో తేలుతుంది. నిజంగా చెప్పని బడి ఉంటే దాన్నీ వదలకండి.

అధికారులకి ఒక మాట. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష పథకంలో సీజనల్ హాస్టళ్లు పెట్టే వీలుంది. మా వైపు దాని ఊసు వినబడేసరికి జనం రైలెక్కేసి ఉంటారు. పెట్టేదేదో డిసెంబరులోనే, టిక్కెట్లు తీయకముందే పెట్టాలి. బడిలో మధ్యాహ్నం భోజనం ఉంది, రాత్రికి తిండి, పడుకోడానికి చోటు ఉంటే చాలామంది తల్లులు పిల్లల్ని వదిలి వెళ్తారు. ఎంతమంది ఉండొచ్చో అంచనా కావాలంటే ఏ ఇంటికి తాళం పడుతుందో ఆటో స్టాండులో అడిగినా చెప్తారు.

నా పేరు, ఊరి పేరు వేయకండి. రేపు పొద్దున్న మళ్లీ అందరూ నా ఆటోనే ఎక్కాలి.

— ఒక ఆటో డ్రైవరు, రణస్థలం మండలం, శ్రీకాకుళం జిల్లా