అమర్దా రోడ్ రన్‌వే దగ్గర ఆ 14 మంది పేర్లు రాయించండి: విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారం.

సార్, మీది శ్రీకాకుళం, మాదీ ఆ జిల్లానే, ఆ చనువుతోనే, 1945లో రెండు బాంబర్లు గుద్దుకుని చనిపోయిన 14 మంది కుర్రాళ్ల గురించి రాస్తున్నా. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో పైకంటా వెళ్తే, ఇంకాసేపట్లో బెంగాల్ వస్తుందనగా, మయూర్‌భంజ్ జిల్లా రాస్‌గోవింద్‌పూర్ దగ్గర అమర్దా రోడ్ అని యుద్ధకాలం నాటి ఎయిర్‌ఫీల్డ్ ఉంది, రన్‌వే మూడు కిలోమీటర్ల పైమాటే. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారిదీ ఆ జిల్లానే.

1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు మన వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులేశారు కదా, ఆ భయంలోనే బ్రిటిష్ వాళ్లు ఈ తూర్పు వైపంతా ఎయిర్‌ఫీల్డులు కట్టుకుంటూ పోయారు. అమర్దా రోడ్‌లో గాల్లో పోరాటం నేర్పే ఎయిర్ ఫైటింగ్ ట్రైనింగ్ యూనిట్ పెట్టారు.

1945 జూలై 26న అక్కడి ట్రైనింగ్‌లో భాగంగా ఆరు బ్రిటిష్ లిబరేటర్ బాంబర్లు ఫార్మేషన్ (వరసగా కలిసి ఎగరడం) ప్రాక్టీస్ చేస్తున్నాయి. శత్రు ఫైటర్ వస్తే అందరి గన్నులూ కలిసి పనిచెయ్యాలని దగ్గరదగ్గరగా ఎగరడం నేర్పేవాళ్లు, రెక్క చూస్తే ఒక్కోదానికి ఈ చివర నుంచి ఆ చివరకి 110 అడుగులు, అలాంటివి పక్కపక్కన పట్టుకోవడం మాటలు కాదు. అందులో ఈడబ్ల్యూ 225, ఈడబ్ల్యూ 247 అనే నంబర్ల బాంబర్లు రెండు గుద్దుకున్నాయి, అదీ తక్కువ ఎత్తులో. 14 మంది చనిపోయారు.

లిబరేటర్ లోపల ముందు నుంచి వెనక్కి పోవాలంటే బాంబులుండే గదిలో జానెడు వెడల్పు చట్రం మీద నడవాలి, పారాచూట్ తగిలించుకుంటే అందులోంచి దూరడమే కష్టం, తోక చివర గన్నర్ వెనక్కి తిరిగి కూర్చుని ఉంటాడు, ముందు ఏం జరుగుతోందో అతనికి కనపడదు. నేల అంత దగ్గర్లో ఉన్నప్పుడు వాళ్లకి దూకే టైమెక్కడిది సార్? ఇంకో ఇరవై రోజులు గడిస్తే జపాన్ లొంగిపోయింది, అన్నాళ్ల యుద్ధం దాటొచ్చి ప్రాక్టీస్‌లో పోయారు, ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

తెల్లదొరల సైన్యం కోసం మనకెందుకు బాధ అని కొందరంటారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, ఆ పక్కనున్న మిడ్నపూర్‌లోనే 1943 కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు, దానికి ఆ సర్కారు జవాబుదారీ. కానీ ఆ పాపం ఈ కుర్రాళ్లది కాదు. పైగా యుద్ధం అయ్యాక కాన్పూర్‌లో వదిలేసిపోయిన ఇవే రకం లిబరేటర్లని మన విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్లు బాగుచేస్తే మన ఎయిర్‌ఫోర్స్ 1968 దాకా నడిపింది, మనం నడిపిన వాటిల్లో ఒకటి ఇప్పుడు బ్రిటన్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. మిషన్‌కి ఇచ్చిన గౌరవం మనిషికీ ఇవ్వాలి కదా.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. ఆ స్ట్రిప్‌ని ఎప్పుడు డెవలప్ చేసినా, టెర్మినల్ కట్టినా, పాత రన్‌వేలో ఒక ముక్క తవ్వకుండా అలాగే ఉంచి అక్కడ ఒక రాయి పెట్టించండి. 14 పేర్లు, ఒక్కొక్కరి వయసు, ఊరు, ఒడియా, సంతాలీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఉండాలి. పేర్లు దేశంలో వార్ సిమెట్రీలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్లని అడిగితే సరిపోతుంది, వాళ్ల కుటుంబాలకి కబురు పంపడం కూడా వాళ్ల ద్వారానే తేలిక. ఆ రన్‌వే కోసం రాళ్లు మోసిన చుట్టుపక్కల ఊళ్ల పేర్లు కూడా అదే రాయి మీద రావాలి సార్, వాళ్ల కష్టం ఎవరూ రాయలేదు. స్థలం రక్షణ శాఖదా, రాష్ట్రానిదా అనే ప్రశ్న వస్తే ఒడిశా ప్రభుత్వంతో, రక్షణ మంత్రి గారితో మీరే ఒక మాట మాట్లాడండి, వచ్చే జూలై 26 లోపు ఫైల్ కదిలేలా చూడండి.

ఇట్లు,
మీ శ్రీకాకుళం జిల్లా వాసి