చావి వాచీ సంగతి

తెనాలి,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి శ్రీనుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి కొంచెం నయం, మేడమెట్లు మాత్రం ఎక్కనివ్వడం లేదు. సుబ్బులు కూతురు అమెరికా వస్తోందంటే దాని చేత మాగాయ రెండు సీసాలు పంపాం. తడి చెంచా పెట్టొద్దని కోడలికి చెప్పు.

నువ్వు ఫోను చేసి ఐదు వారాలైంది. కోడలు చేస్తూనే ఉంది, "ఆయన మీటింగులో ఉన్నారు మామయ్యగారూ" అంటోంది. పనులుంటాయి, కాదనను. మొన్న కోటయ్య బాబాయి కొడుకు శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. నువ్వు నీ ఒమేగా వాచీ ఇచ్చేసి, పైన డబ్బు కట్టి రోలెక్స్ సబ్‌మెరైనర్ తీసుకుంటున్నావని మాటల్లో అన్నాడు. నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు. నేనూ తెలిసినట్టే తలూపాను.

నీ వాచీ, నీ కష్టార్జితం. నేను వద్దనడానికి రాయడం లేదు.

వాచీలు బాగుచేసే పనివాడిగా అడిగితే సబ్‌మెరైనర్‌కి వంక పెట్టలేను. చేతి కదలికకే చావి ఎక్కుతుంది. ఇప్పుడొచ్చేవి తీసి పక్కన పెట్టినా 70 గంటలు నడుస్తాయి. 300 మీటర్ల లోతుకి తట్టుకుంటుంది. నీ ఒమేగా స్పీడ్‌మాస్టర్ 50 మీటర్లదే. చిన్నదాన్ని ఈతకి తీసుకెళ్తున్నావట కదా, ఆ వాచీ పెట్టుకునే నీళ్ళలో దిగుతున్నావా? నీళ్ళు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగులు పాతబడితే 50 అన్న అంకె కూడా నమ్మకూడదు. 2016లో కొన్నావు, బెంగళూరు హెచ్ఎంటీ వాచీలు మూతపడిన ఏడాది. ఐదు నుంచి ఎనిమిదేళ్ళకోసారి సర్వీసు చేయించమని ఆ కంపెనీవాళ్ళే చెబుతారు. చేయించావా?

నువ్వు మొదటిసారి అది ఇక్కడికి తెచ్చినప్పుడు వెనక గాజుమూతలోంచి కంటిబుడ్డి పెట్టి గంటసేపు చూశాను. గంటకి 21,600 సార్లు కొట్టుకునే మెషీను, సెకనుకి ఆరు. 1970లో అపోలో 13 వ్యోమనౌక దారి సరిచెయ్యడానికి ఇంజను 14 సెకన్లు మండించాల్సి వస్తే, ఇలాంటి వాచీయే చూసి లెక్కపెట్టారని నువ్వే చెప్పావు. అమ్మ అన్నం చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచింది. బోసు రోడ్డు గూట్లో నలభై ఏళ్ళు కూర్చున్నా అంత తీరైన పని నా బల్లమీదికి ఎప్పుడూ రాలేదు.

మార్పిడి అంటే నాకు మాస్టారు గుర్తొస్తారు. ఆయన సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. చావి అక్కర్లేకుండా సెల్లుతో నడిచే టైటాన్ క్వార్ట్జ్‌లు మన ఊళ్ళో కొత్తగా కనబడుతున్న రోజులు, 1988. ఆయనకి హెడ్‌మాస్టరుగా ప్రమోషను వచ్చింది. కుర్చీకి తగ్గ వాచీ ఉండాలని తోటివాళ్ళన్నారట. పెళ్ళిలో అత్తవారు పెట్టిన వెస్టెండ్ సోవర్ ప్రైమా చావి వాచీ తెచ్చి, ఇది తీసుకుని కొత్తది ఇప్పించవోయ్ అన్నారు. ఏటా దానికి ఆయిలింగు చేసేది నేనే. ఆ మెషీను ఎంత శుభ్రంగా ఉందో నాకంటే ఎవరికీ తెలీదు. అయినా, "పాతది కదా మాస్టారూ, ఎవరు కొంటారు" అని 120 రూపాయలు వెల కట్టాను. ఆయన మారు మాట్లాడలేదు. వారం తిరక్కుండా గుంటూరు ఆసామికి 300కి ఇచ్చాను.

నెలరోజులకి వచ్చారు. పొద్దున్న సంధ్య వార్చుకోగానే చావి ఇవ్వడం ముప్ఫై ఏళ్ళ అలవాటు, చెయ్యి ఊరుకోవడం లేదబ్బాయ్, పైన ఎంతో కొంత ఇస్తాను, తిరిగి ఇచ్చెయ్యి అన్నారు. గుంటూరు రెండుసార్లు వెళ్ళాను. ఆ ఆసామి దాన్ని బొంబాయిలో ఉన్న అల్లుడికి ఇచ్చేశాడు. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. సెల్లు అయిపోయినప్పుడల్లా నా దగ్గరికే వచ్చేవారు. ఆ సెల్లుకి నేనెప్పుడూ డబ్బు తీసుకోలేదు. మిగిలిన 180 రూపాయలు నీ ఎల్‌కేజీ ఫీజుకి కట్టాం.

అవతలి కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మార్పిడి బేరంలో నీది తక్కువ కడతారు, వాళ్ళది ఎక్కువ చెబుతారు. రెండు బేరాలూ విడివిడిగా అడుగు. నీదాన్ని కొంటే ఎంతిస్తారు, వాళ్ళది రొక్కానికి ఎంతకిస్తారు. పెట్టె, వారంటీ కార్డు, సర్వీసు రసీదులు దగ్గరుంచుకో. అమ్మే ముందు పాలిష్ పట్టించకు, కేసు అంచులు అరిగితే విలువ పోతుంది. సబ్‌మెరైనర్‌కి డయలు చుట్టూ లోపలి రింగుమీద నంబరు చెక్కి ఉంటుంది, కార్డుమీది నంబరుతో కలుస్తుందో లేదో చూడు. మూత తీయించి మెషీను చూడకుండా డబ్బు ఇవ్వకు. దొంగ రోలెక్స్‌లు ఇప్పుడు నాలాంటివాణ్ణి కూడా మోసం చేసేలా వస్తున్నాయి.

చెప్పనంటూనే చాలా చెప్పాను.

ఆఫీసులో పెద్ద కుర్చీ వచ్చిందా నాన్నా? వస్తే మాకు చెప్పకుండా ఉండవు. అక్కడ ఉద్యోగాలు తీసేస్తున్నారని రోజూ పేపర్లో చూస్తున్నాను. అలాంటిదేమైనా ఉంటే పైన డబ్బు కట్టి వాచీ ఎందుకు కొంటాడని అమ్మ అంటోంది. నాకు మాత్రం కోటయ్య బాబాయి కొడుకు సగం విని వచ్చాడేమోనని అనుమానం. మార్చుకోవడం కాదేమో, అమ్ముతున్నావేమో. రాత్రుళ్ళు ఇదే ఆలోచన.

అదే నిజమైతే వాచీ అమ్మొద్దు. పోస్టాఫీసులో మా ఇద్దరి పేర్ల మీద ఉన్నది నీకోసమే. వచ్చే నెల గడువు తీరుతుంది. వెనక వీధి స్థలం కాగితాలు కూడా బీరువాలోనే ఉన్నాయి. పెద్దక్క ఏమీ అనుకోదు, నేను మాట్లాడాను. లేదు, నిజంగా సబ్‌మెరైనర్ మీదే మనసు పడితే సుఖంగా తీసుకో, రెండో ఆలోచన వద్దు.

రాత్రి పెరుగన్నం మానెయ్యకు. కళ్ళకింద నల్లగా ఉందని అమ్మ పోయినసారే అంది.

వచ్చే ఆదివారం మీకు పొద్దున్న ఎనిమిదింటికి వీడియో చెయ్యి. ఒమేగా ఇంకా నీ దగ్గరే ఉంటే నిండా చావి ఇచ్చి, వెనకవైపు కెమెరా దగ్గర పెట్టు. లోపలి బ్యాలెన్సు చక్రం ఎలా ఊగుతోందో చూస్తాను.

ఇట్లు
నాన్న