డాబా మీద పల్టీలు వద్దు తమ్ముడూ

ప్లానో, టెక్సాస్

తమ్ముడికి,

మీ అప్ప ఆశీస్సులు. ఇక్కడ మేమంతా బావున్నాం. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? అరసవల్లి తీసుకెళ్లాలనుకుంటే ఆదివారం వద్దు, ఆ క్యూలో నిలబడలేదు. వారం మధ్యలో తీసుకెళ్లు.

మీ అమ్మాయి చిట్టి డాబా మీద పరుపు వేసుకుని పల్టీ కొడుతున్నట్టు నువ్వు పంపిన వీడియో చూశాను. ఫోన్లో చెబితే అమ్మ ఒక మాట, మరదలు ఒక మాట, నువ్వు నవ్వేసి ఇంకో మాట అంటారు. అందుకే కూర్చుని రాస్తున్నాను, ఇద్దరూ నిదానంగా చదవండి.

ఆ వీడియోని ఆపి ఆపి చూశాను. చిట్టి వెనక్కి ఎగిరినప్పుడు ఒక అరచెయ్యి పరుపు మీద పడింది, రెండోది పరుపు దాటి గచ్చు మీద పడింది. మోచేతులు రెండూ మడతపడిపోయాయి, నడినెత్తి పరుపుకి తగిలింది. వెంటనే లేచి నవ్వేసింది కాబట్టి మీకెవరికీ కనపడలేదు. పిట్టగోడ చూస్తే రెండడుగుల దూరంలో ఉంది. వెనకనించి "ఇంకోసారి, ఇంకోసారి" అన్న గొంతు నీదే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదురా.

మా అమ్మాయి చేసే చీర్‌లీడింగ్ చూసి నేర్చుకుంటోందని తెలిసి సంతోషమే. చీర్‌లీడింగ్ అంటే మన దగ్గర చాలామందికి ఐపీఎల్‌లో బౌండరీ దగ్గర వేసే స్టెప్పులే గుర్తొస్తాయి. ఇక్కడ అది సగానికి పైగా జిమ్నాస్టిక్స్. మనిషిని మనిషి ఎత్తాలి, ఎగరాలి, పల్టీలు కొట్టాలి. 1898లో మిన్నెసోటా యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒక కుర్రాడు జనం చేత కేకలు వేయించడంతో మొదలైన ఈ ఆటకి 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు కూడా ఇచ్చింది. కాబట్టి చిట్టి ఇష్టాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. ఆట అన్నాక ఆటలాగే నేర్చుకోవాలంటున్నాను.

చిట్టి చెయ్యబోయిన పల్టీని బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ అంటారు. కుర్చీలో కూర్చోబోతున్నట్టు వెనక్కి వాలి, కాళ్లతో గట్టిగా తోసి, చేతులు చెవుల పక్కన నిటారుగా పెట్టి, అరచేతులు ఆనగానే భుజాలతో నేలని తొయ్యాలి. చూసి నేర్చుకునే పిల్లలు వెనక్కి వెళ్లడానికి భయపడి పైకి ఎగురుతారు, అన్నిటికంటే ముందే తలని వెనక్కి విసురుతారు. అప్పుడు ఒళ్లంతా వచ్చి మెడ మీదా మణికట్ల మీదా పడుతుంది. మా జిమ్‌లో కోచ్ మొదట్లో ఒక చెయ్యి నడుం కింద, ఒక చెయ్యి తొడ వెనక పెట్టి పిల్లని దాదాపు మోసుకెళ్లి అవతల దింపేది. తర్వాత రెండు వేళ్లు ఆనించేది. ఆ తర్వాత ఊరికే పక్కన నిలబడేది. మా అమ్మాయికి ఆ రెండు వేళ్ల దశ దాటడానికే నెలలు పట్టింది. నువ్వు ఎంత ప్రేమగా పక్కన నిలబడినా, ఏ క్షణంలో ఎక్కడ పట్టుకోవాలో నీకు తెలియదు కదా.

పరుపు ఉంది కదా అంటావేమో. పరుపే ఎక్కువ ప్రమాదం. దూది పరుపు మీద చెయ్యి ఆనగానే దిగిపోతుంది, మణికట్టు ఉండాల్సిన దానికంటే ఎక్కువ వెనక్కి వంగుతుంది. కింద నున్నటి గచ్చు, కాళ్లతో తోస్తే పరుపే జారిపోతుంది. జిమ్‌లో నేల అలా ఉండదు. అడుగున స్ప్రింగులు, వాటి మీద ప్లైవుడ్, దాని మీద ఫోమ్, పైన కార్పెట్. తోస్తే అది తిరిగి తోస్తుంది, పడితే దెబ్బని తాను తీసుకుంటుంది.

ఇంకో సంగతి. చిట్టి వయసు పిల్లలకి ఎముకల చివర్లలో ఇంకా పెరుగుతున్న మెత్తటి భాగం ఉంటుంది. మణికట్టు మీద రోజూ ఒంటి బరువంతా పడుతుంటే ముందు దెబ్బతినేది అదే. నడుమూ అంతే, మళ్లీ మళ్లీ వెనక్కి విరిచి వంచితే వెన్నుపూసలో సన్నటి పగుళ్లు వస్తాయి. నొప్పి అంటే "ఆటలో అలసిపోయింది" అని నూనె రాసి పడుకోబెట్టకండి, డాక్టర్‌కి చూపించండి. మా అమ్మాయితో పాటు నేర్చుకునే ఒక పిల్ల, జిమ్‌లో బాగానే చేసేది, ఇంటి వెనక గడ్డిలో చేస్తూ మోచెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చెయ్యి బాగైంది గానీ, బెదురు మాత్రం పోలేదు. వెనక్కి వాలబోయి ఆగిపోయేది, కళ్లనిండా నీళ్లు. అది చూడలేకపోయేదాన్ని.

ట్రాంపొలిన్ కొంటానని కూడా అన్నావట. వద్దు. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, ఇళ్లలో ట్రాంపొలిన్లు వద్దనే చెబుతోంది. ఒకేసారి ఇద్దరు ముగ్గురు ఎక్కి గెంతినప్పుడే దెబ్బలు ఎక్కువ, అందులోనూ అందరికంటే చిన్నవాళ్లకి. మన వీధి పిల్లలందరూ ఎక్కకుండా నువ్వు ఆపగలవా? అదే సంఘం 2012లో చీర్‌లీడింగ్ గురించి చెప్పినప్పుడు కూడా గట్టి నేల, తడి నేల, ఎగుడుదిగుడు నేల మీద ఇలాంటి విన్యాసాలు వద్దని స్పష్టంగా రాసింది.

అయితే ఇంట్లో అసలేమీ చెయ్యకూడదా అంటే, చెయ్యాలి. ఇక్కడ తల్లుల మధ్య ఇదే వాదన. ఫీజులు బోలెడు, వారానికి ఒక్క క్లాసు, అందులో మన పిల్లకి వచ్చే వంతులు నాలుగో అయిదో, ఇంట్లో చెయ్యకపోతే ఎప్పటికి వస్తుంది అంటారు. వాళ్ల బాధ నిజమే, నా జేబూ అదే కదా. కానీ నేను చూసినంతలో పిల్లలకి పల్టీ రాకపోవడానికి కారణం వంతులు చాలకపోవడం కాదు, ఒంట్లో బలం చాలకపోవడం. ఆ బలాన్ని ఇంట్లో ఎంతైనా తెచ్చుకోవచ్చు.

చిట్టి చేత ఇవి చేయించు. గోడకి పొట్ట ఆనించి చేతుల మీద నిలబడటం, మోచేతులు మడవకుండా, భుజాలు చెవుల దాకా తోసి. వెల్లకిలా పడుకుని, నడుం నేలకి అంటించి, తలా కాళ్లూ కొంచెం లేపి పడవలా ఉండటం. చూడ్డానికి తేలిక, అరనిమిషానికే పొట్ట వణుకుతుంది. ఈ ఒక్కటి వస్తే సగం పని అయినట్టే. తర్వాత కాళ్లు సాగదీయడం, మణికట్లు గుండ్రంగా తిప్పడం, గోడ పక్కన గుంజీలు. అద్దం ముందు నిలబడి చేతులు నిటారుగా, ఒకే ఎత్తులో వస్తున్నాయా అని చూసుకోమను. చీర్‌లో దానికీ మార్కులుంటాయి. వీటికి చాప చాలు, అమ్మ పక్కన కూర్చుని చూసినా చాలు. కొత్త పల్టీ ఏదైనా మాత్రం కోచ్ లేకుండా వద్దు. వచ్చిన పల్టీ అయినా, ఇంట్లో చెయ్యవచ్చని కోచ్ నోటితో చెబితేనే.

మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారి పేరు స్టేడియానికి పెట్టుకున్న ఊరు మన శ్రీకాకుళం. ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. మన వైపు ఆడపిల్లలకి ధైర్యమూ సత్తువా లేవని ఎవరూ అనలేరు. చిట్టికి కూడా పక్కన నేర్పేవాళ్లు ఉండాలన్నదే నా పట్టుదల.

కాబట్టి ఈ వారంలోనే స్టేడియానికి వెళ్లి, జిమ్నాస్టిక్స్ నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో. అక్కడ దొరక్కపోతే విశాఖలో అడుగు, సెలవుల్లో పిన్ని వాళ్లింట్లో ఉండి నేర్చుకుంటుంది. ఫీజు సంగతి నేను చూసుకుంటాను, మొహమాటపడకు. స్కూల్ పీటీ సారుతో మాట్లాడి వార్షికోత్సవం స్టేజీ మీద పల్టీలు, పిల్లల మీద పిల్లల్ని నిలబెట్టే పిరమిడ్లు వద్దని చెప్పు. ఆయన చిన్నబుచ్చుకున్నా సరే. చేతుల కదలికలు, గెంతులు, కేకలతోనే చక్కగా చెయ్యవచ్చు. మా అమ్మాయి స్టెప్పులు నెమ్మదిగా చేసి వీడియో తీసి పంపుతానంది.

చిట్టిని తిట్టకు, తప్పు చేసిందని అనుకోనివ్వకు. అత్త రాసిందని ఈ ఉత్తరం దాని చేతే పైకి చదివించు. ఈ రెండు రోజుల్లో మణికట్టు నొప్పి అందేమో అడిగి నాకు మెసేజ్ పెట్టు.

మీ అప్ప