జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద

సంపాదకులకు,

చిన్న పడవల్లో సముద్రం మీదికి వెళ్లేవాళ్లు లైఫ్ జాకెట్‌ను సీటు కింద కుక్కి పెట్టడం చూస్తే నాకు గుండె దడ. పడవ బోల్తా పడ్డాక అలల మధ్య దాన్ని వెతికి తొడుక్కోవడం అయ్యే పనేనా?

మా అబ్బాయి కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఎక్కే ముందు జాకెట్ భుజాలు పట్టుకుని పైకి లాగి చూస్తాను. గడ్డం దాకా లేచిందంటే పట్టీలు వదులుగా ఉన్నట్టే, నీళ్లలో అది మొహం మీదికి ఎగబాకుతుంది. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీని ఇబ్బంది అని చాలామంది వదిలేస్తారు. జాకెట్‌ను కిందికి పట్టి ఉంచేది అదే. గాలితో ఉబ్బే రకమైతే దాన్ని ఉబ్బించే చిన్న గ్యాస్ సిలిండర్ బిగుతుగా ఉందో లేదో ప్రతిసారీ చూడాల్సిందే.

ఈల జాకెట్‌కే కట్టుకోవాలి. వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవ మీంచి సాయం కోసం పిలిచే చేతి రేడియో) కూడా ఒంటి మీదే ఉండాలి. ఆపదలో పిలవాల్సింది 16వ ఛానల్‌లో. పడవ తిరగబడితే, ఒడ్డు దగ్గర్లోనే ఉన్నట్టు అనిపించినా, ఈదుకుంటూ పోవద్దు. వెతికేవాళ్లకు మనిషి తల కన్నా పడవే ముందు కనబడుతుంది. చన్నీళ్లలో పడ్డ మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, అప్పుడు మొహం నీళ్లపైన ఉంచడమొక్కటే పని.

పడవ ప్రమాదాల వార్తల్లో, బాధితులు జాకెట్ వేసుకున్నారో లేదో కూడా దయచేసి రాయండి.

— కయాక్ నడిపే ఒక తండ్రి