పాత సిస్టమ్‌ని పాత ఇనుమోడికి ఇచ్చేముందు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో విండోస్ 10 కి అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి కొత్త కంప్యూటర్ కొనుక్కోవాల్సిందే అన్నట్టు రాశారు, అది చదివి మా పక్కింటాయన బాగా పనిచేసే సిస్టమ్‌ని పాత ఇనుమోడికి కిలోల లెక్కన ఇచ్చేశాడు, ప్రాణం ఉసూరుమంది. 2025 అక్టోబర్ 14 తో మామూలు అప్‌డేట్లు ఆగిన మాట నిజమే, పాత ప్రాసెసర్లకి విండోస్ 11 సరిగ్గా ఒప్పుకోదు, అదీ నిజమే. అంతమాత్రాన మిషను చచ్చిపోయినట్టా?

మా ఇంట్లో ఉన్నది ఆరో జనరేషన్ ఐ3 అనే పాత ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఓ షాపుకి తీసుకెళ్తే అటూ ఇటూ తిప్పి చూసి "ఇంకేటుంది మాస్టారూ ఇందులో, కొత్తది తీసుకోండి" అన్నాడు. మా గుంట డిగ్రీ చదువుతోంది, అదే లినక్స్ వేద్దాం నాన్నా అంది, అంటే విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఇంకో సిస్టమ్, డబ్బు కట్టక్కర్లేదు, అందులో బోలెడు రకాలు. అక్కడ మొదలైంది అసలు తిప్పలు. ఏ లినక్స్? ఒకడు ఉబుంటు అంటాడు, ఇంకొకడు ఫెడోరా, ఇంకొకడు జోరిన్, ఒక కుర్రాడైతే ఆర్చ్ వెయ్యండి సార్ అన్నాడు, ఈత రానోణ్ణి వరదలో నాగావళిలోకి దిగమన్నట్టు. పొందూరు వెళ్లినా నాలుగు పంచెలు చూసి ఒకటి తెచ్చుకుంటాం గానీ కొట్టంతా విప్పించం కదా.

చివరికి మేం లినక్స్ మింట్ వేసుకున్నాం. ఎందుకంటే మెనూ కింద ఎడమ పక్కనే ఉంటాది, విండోస్ 7 అలవాటైన చెయ్యి తడుముకోక్కర్లేదు. అందులోనూ సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రకాలున్నాయి, మాలాంటి తక్కువ ర్యామ్ వాళ్లకి మూడోది తేలిక. మింట్ 22 కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఫెడోరా మంచిదే, కాదన్ను, కానీ ఆర్నెల్లకో కొత్త వెర్షను, ఏడాది దాటిందంటే మార్చుకోక తప్పదు, కొత్తగా నేర్చుకునేవాడికి ఆ గోలెందుకు.

అన్నిటికంటే నాకు నచ్చింది, మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి దాంతోనే కంప్యూటర్ ఆన్ చేసి (బూట్ చెయ్యడమంటారు) చూడొచ్చు, హార్డ్ డిస్క్ జోలికి పోదు. ఆ ఒక్క సాయంత్రం వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, స్క్రీన్ సరిగ్గా ఉందా చూసేసుకోవచ్చు, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేసి మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ అక్కడే ఉంటాది. నచ్చి ఇన్‌స్టాల్ చేద్దామనుకుంటే మాత్రం ముందు పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే చోట దాచుకోండి బాబూ, ఎరేజ్ డిస్క్ అన్నది నొక్కారంటే అన్నీ పోతాయి, తర్వాత ఏడ్చినా రావు.

అందరికీ పనికొస్తాదని నేను చెప్పను. డీటీపీ సెంటర్ వాళ్లు, అను ఫాంట్లు పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లు దీని జోలికి రావద్దు, టాలీ మీద లెక్కలు రాసే షాపుల వాళ్లు కూడా అంతే, అవి విండోస్ మీదే ఉండాలి. మామూలు యూనికోడ్ తెలుగుకైతే ఇబ్బందే లేదు, కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు వచ్చేస్తాది, ఈ ఉత్తరం దాంతోనే లిబ్రేఆఫీస్‌లో (వర్డ్ లాంటిదే) కొట్టాను (ఒత్తుల దగ్గర వారం రోజులు తడబడ్డాను, అది నా వేళ్ల తప్పు). కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు, మన దగ్గర రిటైరైన మాస్టరు నేర్చుకుంటే వింతగా చూస్తున్నారు.

అందుకని ఆ ఐటం పక్కనే, అమ్మేముందు ఓసారి పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి అని రెండు లైన్లు వేసినా చాలండీ. ఇంకోటి, మా పాత లేజర్ ప్రింటర్ మాత్రం దీనికి ఎంతకీ లొంగట్లేదు, డ్రైవర్ దొరక్క మూల పడుంది, నేనేమో కాగితం ప్రింటుకి జిరాక్సు షాపుకి పోతున్నాను. పాఠకుల్లో ఎవరికైనా దాని సంగతి తెలిస్తే మీ పేపర్లోనే రాయమనండి.

ఇట్లు,
ఓ రిటైర్డ్ టీచరు,
శ్రీకాకుళం